“అందరూ రాలేదు” అంటే ఎంతమంది వచ్చినట్టు?

(గుంటూరు బ్రాడీపేటలో ఒక గ్రంథాలయం హాలులో ఆదివారం సాయంత్రం ఇచ్చిన ఉపన్యాసం. వక్త తర్కశాస్త్రం, కంప్యూటర్లు, భాషల అర్థం మీద పరిశోధన చేస్తున్నారు. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆయన మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీలవాళ్ళకి వినపడుతోందా? ఫ్యాన్ చప్పుడు కాస్త ఎక్కువగా ఉంది. ఆపితే మీరు ఉండలేరు కాబట్టి నేనే గట్టిగా మాట్లాడతాను.

ముందు ఒక చిన్న ప్రశ్న. “మీటింగుకి అందరూ రాలేదు.” ఇంతే వాక్యం. ఎంతమంది వచ్చినట్టు? కొందరు వచ్చారు, కొందరు రాలేదు అనుకునేవాళ్ళు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. ఒక్కరు కూడా రాలేదు అనుకునేవాళ్ళు? ఇటువైపు ఐదారుగురు ఉన్నారు. చూశారా, ఒకే ఊరివాళ్ళం, ఒకే భాష, మూడు మాటల వాక్యం. దాని దగ్గరే రెండు పార్టీలయ్యాం.

రెండు పార్టీలవాళ్ళూ కరెక్టే. ఈ వాక్యంలో పని చేసే ముక్కలు రెండు. ఒకటి “అందరూ”, రెండోది “లేదు”. ఏది దేన్ని లోపల పెట్టుకుంటుందన్నదే తగాదా. “అందరూ వచ్చారు” అన్న మొత్తం మాటని “లేదు” కొట్టేస్తే, అందరూ రావడం అనేది జరగలేదు, ఒక్కరు తగ్గినా చాలు. అదే “అందరూ” బయట ఉండి, ఒక్కొక్కరినీ పట్టుకుని “నువ్వు రాలేదు, నువ్వు రాలేదు” అంటే ఒక్కరూ రానట్టు. తర్కంలో దీన్ని స్కోప్ అంటాం. నా రీసెర్చి అంతా, నిజం చెప్పాలంటే, ఇలాంటి చిన్న ముక్కల చుట్టూనే. పెద్ద పెద్ద మాటలు, కవిత్వం, అలంకారాలు, వాటి జోలికి నేను పోను. అందరూ, కొందరు, కూడా, మాత్రమే, లేదా, అయితే. జీతం తీసుకునేది వీటి గురించి ఆలోచించడానికే.

ఇప్పుడు రెండో ప్రశ్న. ఇది మొదటి పార్టీవాళ్ళకి. మీ అర్థమే తీసుకుందాం. అందరూ రావడం జరగలేదు. సరేనా? అయితే దాన్నుంచి “కొందరు వచ్చారు” అని తేలుతుందా? తేలుతుంది అంటున్నారు. ఖాయమేనా? నేను ఇలా అంటాననుకోండి: “అందరూ రాలేదు. అసలు ఎవరూ రాలేదు.” నేను నా మాటని నేనే ఖండించుకున్నట్టు అనిపించిందా? లేదు కదా. “అందరూ రాలేదు, అసలు అందరూ వచ్చారు” అంటే మాత్రం నన్ను పిచ్చివాడి కింద జమకడతారు. తేడా గమనించండి. “కొందరు వచ్చారు” అన్నది వాక్యం చెప్పింది కాదు, మీరు ఊహించుకున్నది. ఎవరూ రాకపోతే ఈయన నేరుగా ఆ మాటే చెప్పేవాడు కదా, చెప్పలేదంటే కొందరైనా వచ్చి ఉంటారు అని మీరు లెక్కేశారు. చాలా తెలివైన లెక్క. పాల్ గ్రైస్ అనే తత్త్వవేత్త 1967లో హార్వర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఈ లెక్క ఎలా నడుస్తుందో చెప్పాడు. అచ్చయింది 1975లో. మనిషి అన్నది ఒకటి, మనం దాన్నుంచి లాగినది ఇంకొకటి. కోర్టులో ఉన్నవాళ్ళకి ఈ తేడా బాగా తెలుసు. ప్లీడరు గారు నవ్వుతున్నారు.

ఇంతకీ అర్థం అంటే ఏమిటి? ఈ ప్రశ్నకి వందేళ్ళ పైబడిన జవాబు ఒకటుంది. వాక్యం అర్థం తెలియడమంటే, లోకం ఎలా ఉంటే ఆ వాక్యం నిజమవుతుందో, ఎలా ఉంటే అబద్ధమవుతుందో తెలియడం. జర్మనీలో గాట్లోబ్ ఫ్రేగె 1879లో ఒక చిన్న పుస్తకం వేశాడు. “ప్రతి ఒక్కటీ”, “ఏదో ఒకటి” అన్నవాటికి గణితంలా లెక్క కట్టే పద్ధతి మొదటిసారి అందులో కుదిరింది. అంతకు ముందు రెండు వేల ఏళ్ళు అరిస్టాటిల్ తర్కంతోనే నెట్టుకొచ్చారు. అందులో “ప్రతి విద్యార్థీ ఏదో ఒక పుస్తకం చదివాడు” లాంటి, రెండు లెక్కలు ఒకదాంట్లో ఒకటి ఇమిడిన వాక్యం సరిగ్గా పట్టేది కాదు. తర్వాత 1930లలో పోలండ్‌లో టార్స్కీ, “నిజం” అన్న మాటకే గణితంలో నిర్వచనం ఇచ్చాడు. కానీ ఇద్దరికీ ఒక అనుమానం ఉండేది. మామూలు మనుషులు మాట్లాడే భాషకి ఇది పనికిరాదు, ఆ భాష గజిబిజి, మా పద్ధతి గణితం కోసమే అని.

ఆ అనుమానాన్ని తోసేసినవాడు టార్స్కీ శిష్యుడే. రిచర్డ్ మాంటేగ్. లాస్ ఏంజిలిస్‌లో కాలిఫోర్నియా యూనివర్సిటీలో చెప్పేవాడు. 1970లో రాశాడు, మనుషుల భాషలకీ తర్కవేత్తల కృత్రిమ భాషలకీ సిద్ధాంతపరంగా చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదని. ఎంత పొగరో చూడండి! కానీ ఉత్తినే అనలేదు, చేసి చూపించాడు. ఇంగ్లీషులో ఒక చిన్న భాగం తీసుకుని, ప్రతి వాక్యాన్నీ మాట మాటగా తర్కంలోకి మార్చే నియమాలు రాశాడు. ఆ వ్యాసం 1973లో వచ్చింది. అప్పటికి ఆయన లేడు. 1971 మార్చిలో తన ఇంట్లోనే హత్యకు గురయ్యాడు. నలభై ఏళ్ళు. ఎవరు చంపారో తేలలేదు. ఆయన రాతలు చదివితే తలనొప్పి ఖాయం. బార్బరా పార్టీ అనే ఆవిడ పూనుకుని భాషాశాస్త్రం వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పకపోతే ఆ కాగితాలు ఏ బీరువాలోనో ఉండిపోయేవి.

మాంటేగ్ పద్ధతి ఏమిటో ఒక్క ముక్కలో చెప్తాను. క్రియాపదం అంటే ఖాళీలున్న ఫారం అనుకోండి. “అమ్మాడు” అంటే రెండు ఖాళీలు: ఎవరు, ఏది. “సుబ్బయ్య” ఒక ఖాళీలో, “మిర్చి” ఇంకో ఖాళీలో పడితే ఫారం నిండింది, నిజమో అబద్ధమో చెప్పొచ్చు. ఇంతవరకూ చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది. మరి “ప్రతి రైతూ మిర్చి అమ్మాడు” అంటే? “ప్రతి రైతూ” అనే పేరుగల మనిషి ఎవరూ లేరు కదా, ఖాళీలో ఎవర్ని రాస్తాం? మాంటేగ్ దాన్ని తిరగేశాడు. “ప్రతి రైతూ” అన్నది ఖాళీలోకి వెళ్ళదు, అదే ఫారాన్ని చేతిలోకి తీసుకుని, ఒక్కో రైతు పేరూ పెట్టి నింపి చూసి, అన్నీ నిజమైతే సరే అంటుంది. వినడానికి చిన్న విషయం. మా రంగం మొత్తం దీనిమీదే నిలబడింది.

ఇక్కడ మనవాళ్ళ మాట ఒకటి చెప్పాలి. సంస్కృతం చదివినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మాస్టారూ, మీరున్నారు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు, 17వ శతాబ్దం, మన తెలుగువాడు. కాశీకి వెళ్ళినంత మాత్రాన అన్నంభట్టు అయిపోడు అని సామెత కూడా పుట్టింది ఆయన మీద. వాక్యానికి అర్థం తెలియాలంటే మూడు కావాలన్నాడాయన: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఆకాంక్ష అంటే మాట ఇంకో మాట కోసం ఎదురుచూడటం. “ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు” అని వరసపెడితే వాక్యం కాదు, ఒకదానికొకటి అక్కర్లేదు కాబట్టి. యోగ్యత అంటే పొసగడం. “నిప్పుతో తడుపు” అంటే పొసగదు. సన్నిధి అంటే మాటలు వెంటవెంటనే రావడం. ఇవాళ పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట అంటే ఎవరికీ తెలియదు. ఇందాక చెప్పిన ఖాళీల సంగతి, ఆకాంక్షకి బాగా దగ్గర. అన్నీ మనవాళ్ళే ముందు చెప్పేశారు అనే వాదన నాకు నచ్చదు, నేను ఆ మాట అనడం లేదు. “ప్రతి” అన్నదానికి ఖాళీలు నింపే లెక్క నైయాయికుల దగ్గర, అంటే అన్నంభట్టు లాంటి న్యాయదర్శనం వాళ్ళ దగ్గర, ఈ రూపంలో లేదు. వాళ్ళ దారి వేరు. కానీ వాక్యార్థం గురించి ఇంత పట్టుదలగా ఆలోచించినవాళ్ళు మన పక్కూళ్ళలో ఉండేవాళ్ళని మన ఇంజినీరింగ్ పిల్లలకి తెలిస్తే మంచిది.

సరే, తెలుగులోకి వద్దాం. నాకు బాగా ఇష్టమైన చోటు ఇది, కొంచెం సేపు ఉంటాను. టైముందా? ఉంది.

“రాముడూ సోముడూ వచ్చారు.” ఇద్దరూ వచ్చారు. మాట చివర దీర్ఘం, “ఊ”, ఇక్కడ “మరియు” పని చేస్తోంది. “రాముడో సోముడో వచ్చాడు.” ఇద్దర్లో ఒకరు. “ఓ” ఇక్కడ “లేదా” పని చేస్తోంది. బాగుంది. ఇప్పుడు పేర్లు తీసేసి ప్రశ్న మాట పెట్టండి. “ఎవరో వచ్చారు.” అంటే? రాముడో, సోముడో, భీముడో, ఇలా ఊళ్ళో ఉన్న అందరి పేర్లకీ “ఓ” తగిలించుకుంటూ పోతే వచ్చేది ఇదే. ఎవరో ఒకరు. “ఎవరూ రాలేదు.” రాముడూ రాలేదు, సోముడూ రాలేదు, భీముడూ రాలేదు. అందరికీ “ఊ” తగిలించుకుంటూ పోయాం.

తర్కం పాఠంలో మొదటి నెలలోనే చెప్తారు, “ప్రతి ఒక్కటీ” అంటే పొడుగాటి “మరియు”, “ఏదో ఒకటి” అంటే పొడుగాటి “లేదా” అని. ఇంగ్లీషు మీడియం పిల్లలకి దీన్ని బోర్డు మీద గుర్తులు వేసి చెప్పాలి. తెలుగు పిల్లవాడి నాలుక మీద ఆ పాఠం ముందే ఉంది. ఇది మన ఒక్కరి గొప్ప కాదులెండి. మలయాళంలోనూ అంతే, అక్కడి సంగతి కె.ఎ. జయశీలన్ 2001లో వివరంగా రాశారు. కన్నడం చూడండి, ఇదే ధోరణి.

కానీ అంతా ఇంత సాఫీగా ఉంటే నాకు ఉద్యోగం ఉండదు. “ఎవరూ వచ్చారు” అని ఎందుకు అనలేం? “ఊ” అంటే పొడుగాటి “మరియు” అయితే, అందరూ వచ్చారు అన్న అర్థం రావాలిగా? రాదు. అసలు వాక్యమే కాదు. “లేదు” ఉంటేనే “ఎవరూ” నిలబడుతుంది. అలాగే “ఎవరు వచ్చారో తెలీదు” అన్నప్పుడు “ఓ” క్రియ చివరికి పోయింది, అక్కడ “లేదా” ఎక్కడుంది? దీనికి ఒక జవాబుంది. హాంబ్లిన్ అనే ఆయన 1973లో, ప్రశ్న అంటే దానికి రాగల జవాబుల గుంపు అన్నాడు. రాముడు వచ్చాడు, సోముడు వచ్చాడు, భీముడు వచ్చాడు, వీటిలో ఏది నిజమో తెలీదు. అదిగో మళ్ళీ “లేదా” వచ్చింది. మొదటి ప్రశ్నకి మాత్రం జవాబులు చాలా ఉన్నాయి. నాకు పూర్తిగా నచ్చింది ఇంకా ఒక్కటీ లేదు.

ఇంకొకటి. “ముగ్గురు హమాలీలు రెండు టిక్కీలు మోశారు.” మిర్చి యార్డులో మొత్తం ఎన్ని టిక్కీలు, అంటే బస్తాలు, కదిలాయి? రెండా, ఆరా? రెండూ కుదురుతాయి. “రెండేసి టిక్కీలు మోశారు” అనండి. ఇప్పుడు ఆరే. ఆ “ఏసి” తలా ఇంత అని లెక్క ఖాయం చేసేసింది. మరి “రెండు రెండు టిక్కీలు మోశారు” అంటే? తలా రెండు కావచ్చు. లేకపోతే ముగ్గురూ కలిసి, ప్రతి ట్రిప్పుకీ రెండు చొప్పున కావచ్చు. మాటని రెండుసార్లు అంటే పంచడం వస్తుంది, మనుషుల మీద పంచాలా, ట్రిప్పుల మీద పంచాలా అన్నది సందర్భం చెప్పాలి. దీనిమీద బాలుసు రాహుల్ 2006లో రాసిన వ్యాసం ప్రపంచంలో ఎక్కడెక్కడో చదువుతారు. ఇంగ్లీషు ఒక్కటే చూస్తూ కట్టుకున్న సిద్ధాంతాలకి ఇలాంటి భాషలు చెక్ పెడతాయి.

ఇప్పుడు గేదె దగ్గరికి వద్దాం. మా రంగంలో పేరుమోసిన వాక్యం ఒకటుంది. గాడిద ఉన్న ప్రతి రైతూ దాన్ని కొడతాడు అని. మధ్యయుగాల తార్కికుల దగ్గర్నుంచి వస్తున్న ఉదాహరణ, పీటర్ గీచ్ 1962లో మళ్ళీ బయటికి తీశాడు. అరవై ఏళ్ళుగా పేపర్లలో ఆ గాడిద దెబ్బలు తింటూనే ఉంది. నేను మార్చేశాను. “గేదె ఉన్న ప్రతి రైతూ దాని పాలు అమ్ముతాడు.”

మీకు వెంటనే అర్థమైంది. కష్టం ఏమిటి? “గేదె ఉన్న రైతు” అంటే, ఏదో ఒక గేదె ఉన్న రైతు. కాబట్టి తర్కంలో “ఏదో ఒక గేదె” అని బ్రాకెట్ తెరుస్తాం, “ఉన్న రైతు” దగ్గర ఆ బ్రాకెట్ మూసేస్తాం. మూసేశాక, అక్కడెక్కడో వాక్యం చివర “దాని” వస్తుంది. దాని అంటే దేని? గేదె బ్రాకెట్ లోపల ఉండిపోయింది. బయటున్న “దాని”కి అది కనిపించదు. పోనీ బ్రాకెట్ మూయకుండా చివరిదాకా లాగుదామా? అప్పుడు అర్థం చెడిపోతుంది. “ఏదో ఒక గేదె ఉంది, అది వాడిదైతే దాని పాలు అమ్ముతాడు” అన్నట్టు అవుతుంది. పక్కింటివాళ్ళ గేదెను చూపించి కూడా ఆ వాక్యాన్ని నిజం చేసేయొచ్చు. సరిగ్గా రావాలంటే “ప్రతి రైతుకీ, ప్రతి గేదెకీ, ఆ గేదె ఆ రైతుదైతే” అని రాయాలి. మరి వాక్యంలో గేదె ముందు “ప్రతి” ఎక్కడుంది? లేదు. మాట మాటగా కూర్చుకుంటూ వెళ్ళే మాంటేగ్ పద్ధతి ఇక్కడ ఆగిపోయింది.

దీనికి దారి రెండు చోట్ల, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, దాదాపు ఒకేసారి దొరికింది. హాన్స్ కాంప్ 1981లో, ఐరీన్ హైమ్ 1982లో తన పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసంలో. ఇద్దరి ఆలోచనా ఒకటే. వాక్యం పని లోకాన్ని వర్ణించడంతో అయిపోదు, విన్నవాడి మనసులో ఒక పట్టీని, అంటే ఎవరి గురించి, వేటి గురించి మాట్లాడుతున్నామన్న జాబితాని, మారుస్తుంది. “గేదె” అనగానే పట్టీలో ఒక కొత్త పాత్ర చేరింది. “దాని” అన్నది ఆ పట్టీలో వెతుక్కుంటుంది. “ప్రతి” అనేది పట్టీ మొత్తాన్ని, రైతునీ గేదెనీ కలిపి, ఒక జతగా పట్టుకుని లెక్క వేస్తుంది. కాంప్ వీటిని పెట్టెలుగా గీశాడు. ఇవాళ వాక్యాన్ని తర్కంలోకి మార్చే కొన్ని ప్రోగ్రాములు లోపల ఆ పెట్టెలనే కడతాయి.

అంతటితో అయిందా? అవలేదు. రైతుకి రెండు గేదెలుంటే, రెండింటి పాలూ అమ్ముతాడా? అమ్ముతాడనే అనిపిస్తుంది. సరే. “ఐదు రూపాయల బిళ్ళ ఉన్న ప్రతి ఒక్కరూ దాన్ని హుండీలో వేశారు.” నా జేబులో ఐదు బిళ్ళలుంటే ఐదూ వేశానా? ఒకటి వేస్తే చాలదూ? వాక్యం అచ్చు అలాగే ఉంది, అర్థం మారింది. గేదెల దగ్గర అన్నీ, బిళ్ళల దగ్గర ఒకటి. ఎందుకు? పాలు, హుండీ, మనుషులు ఎలా ప్రవర్తిస్తారు, ఇవి మనకి తెలుసు కాబట్టి. వ్యాకరణంలో అది లేదు. ఇంకా కొట్టుకుంటున్నారు దీనిమీద.

ఇక కంప్యూటరు. వాక్యాన్ని తర్కంలోకి మార్చాం అనుకోండి, దాంతో ఏం చేస్తాం? చరిత్రలో ఒక ముచ్చట చెప్తాను. ప్రోలాగ్ అని ఒక ప్రోగ్రామింగ్ భాష, బీటెక్‌లో చదివే ఉంటారు, తిట్టుకునే ఉంటారు. అది 1972లో ఫ్రాన్స్‌లో మార్సేయ్‌లో పుట్టింది. అలెన్ కోల్మెరోవర్ బృందం దాన్ని చేసింది దేనికనుకున్నారు? ఫ్రెంచిలో వాక్యాలు చెప్తే విని, ప్రశ్నలడిగితే జవాబు చెప్పే యంత్రం కోసం. తర్కానికి లోపల ఇంజను ఎలా ఉండాలో రాబర్ట్ కొవాల్‌స్కీతో కలిసి తేల్చుకున్నారు. అంటే భాష కోసమే పుట్టింది.

నేను చేసే పని ఇది. రెండు వాక్యాలిస్తాను. మొదటిది నిజమైతే రెండోది నిజం కావాలా? జవాబులు మూడు. ఒకటి, కావాలి. రెండు, కాకూడదు, ఒకదానికొకటి పడదు. మూడు, చెప్పలేం, మొదటి వాక్యం ఆ విషయం మాట్లాడలేదు. దీనికి రెండు ప్రోగ్రాముల్ని పక్కపక్కన పరుగెత్తిస్తాం. ఒకటి ప్రూవర్, అంటే నిరూపణ వెతికేది. వాంపైర్ అని ఒక ప్రూవర్ ఉంది, పేరు చూసి భయపడకండి, పనిమంతురాలు. రెండోది మోడల్ బిల్డర్. అది లోకాలు కడుతుంది. మొదటి వాక్యం నిజమై, రెండోది అబద్ధమయ్యే లోకం ఒక్కటి దొరికినా చాలు, “తేలదు” అని చెప్పేయొచ్చు. ఒక మనిషి ఉన్న లోకం చూస్తుంది, కుదరకపోతే ఇద్దరు, ముగ్గురు.

ఇందాకటి వాక్యం దానికిచ్చాం. “అందరూ రాలేదు” నుంచి “కొందరు వచ్చారు” తేలుతుందా? మోడల్ బిల్డరు క్షణంలో లోకం కట్టి చూపించింది: ఒకే ఒక్క మనిషి, వాడూ రాలేదు. అంతే. ఇందాక మనం అంతసేపు వాదించుకున్నదానికి ఒక్క మనిషితో జవాబు చెప్పింది.

రెండు ప్రోగ్రాములు ఎందుకంటే, ఒక్కటి చాలదని గణితమే చెప్పింది. ఒక వాక్యం నిజంగా తేలేదైతే నిరూపణ ఎప్పటికైనా దొరుకుతుందని గోడెల్ నిరూపించాడు. తేలనిదైతే? ప్రూవర్ వెతుకుతూనే ఉంటుంది, ఆగుతుందన్న హామీ లేదు. ఏ వాక్యానికైనా తప్పక ఆగి అవునో కాదో చెప్పే యంత్రం ఉండదని 1936లో చర్చ్ ఒకవైపు, ట్యూరింగ్ ఒకవైపు తేల్చారు. కంప్యూటరు కొనుక్కోలేకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది కాదిది. ఎంత డబ్బు పెట్టినా అంతే. “చాలామంది”, “సగానికి పైగా” లాంటి మాటలొస్తే ఇంకా కష్టం. మేం వాడే తర్కంలో వాటిని రాయడమే కుదరదని బార్వైజ్, కూపర్ 1981లో చూపించారు.

మరి ఇదంతా నిజం వాక్యాల మీద పనిచేస్తుందా? 2005లో ఇలాంటి వాక్యాల జతలతో ఒక పోటీ మొదలైంది. పేపర్లలోంచి, ఇంకా అక్కడక్కడి నుంచి ఏరిన 800 జతలు. యోహాన్ బోస్, కాట్యా మార్కర్ట్ అనే ఇద్దరు ప్రూవర్‌తో దిగారు. నిరూపణ దొరికినచోట చాలావరకు సరిగ్గానే చెప్పింది. కానీ దొరికినవే చాలా కొద్ది. ఎందుకో మన ఊరి వాక్యంతో చెప్తాను. “రాత్రి వానకి యార్డులో మిర్చి టిక్కీలు తడిశాయి.” దీన్నుంచి “రైతులు నష్టపోయారు” అని వస్తుందా? మీరందరూ తల ఊపుతున్నారు. ప్రూవర్ ఊపదు. తడిస్తే కాయ రంగు పోతుంది, రంగు పోతే రేటు పడుతుంది, సరుకు అమ్ముడయ్యేదాకా రైతుదే. ఇవన్నీ ఎవరో రాసిపెట్టాలి. రాసిపెట్టామే అనుకోండి, కాటా అయిపోయిన సరుకు తడిస్తే నష్టం ఎవరిది? మళ్ళీ ఇంకో నియమం, దానికి ఇంకో మినహాయింపు. “మామూలుగా అయితే ఇంతే” అనే తర్కం కోసం మెకార్తీ, రైటర్ 1980లో పద్ధతులు చెప్పారు. లోకజ్ఞానం మొత్తం చేత్తో రాసేద్దామని డగ్లస్ లెనట్ 1984లో సైక్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టి, పోయేదాకా అదే పనిలో ఉన్నాడు. లక్షల నియమాలు రాశారు, ఇంకా చాలలేదు. నా ఉద్దేశంలో ఆ దారిన పోయి లోకాన్ని మొత్తం పట్టలేం. చిన్న లోకాల్ని పట్టొచ్చు.

చిన్న లోకం అంటే? నిబంధనలు. 1986లో కొవాల్‌స్కీ వాళ్ళు బ్రిటిష్ పౌరసత్వ చట్టాన్ని ప్రోలాగ్‌లో రాశారు. చట్టంలో వాన, మిర్చి అక్కర్లేదు, అందులో రాసిందే లోకం. మేం ఇప్పుడు అదే పని తెలుగు నోటీసుల మీద చేస్తున్నాం. ఇలాంటి పింఛను నోటీసు ఒకటి గోడ మీద ఉందనుకోండి: “60 ఏళ్ళు నిండిన వితంతువులు, దివ్యాంగులు అర్హులు.” 45 ఏళ్ళ దివ్యాంగుడు అప్లై చేసుకోవచ్చా? చేసుకోవచ్చని ఎవరన్నారు? సరే, ఈవిడ కుదరదంటున్నారు. 60 ఏళ్ళ షరతు వితంతువులకేనా, ఇద్దరికీనా? రాసినాయన మనసులో ఒకటే ఉంటుంది. రెండో అర్థం ఉందని ఆయనకి తట్టదు కూడా. కౌంటర్ దగ్గర కూర్చున్నాయన ఒకలా చదువుతాడు, పక్క మండలంలో ఇంకొకాయన ఇంకోలా చదువుతాడు. తిరిగేది ముసలావిడ.

మా ప్రోగ్రాము ఏం చేస్తుందంటే, వాక్యానికి రాగల అర్థాలన్నీ తర్కంలో రాస్తుంది. రెండు అర్థాలు వస్తే మోడల్ బిల్డర్‌ని పిలిచి, ఒక అర్థంలో అర్హత ఉండి ఇంకో అర్థంలో లేని మనిషిని కట్టి చూపించమంటుంది. అది ఆ 45 ఏళ్ళ దివ్యాంగుణ్ణి తెచ్చి నిలబెడుతుంది. నోటీసు రాసినాయన్ని తర్కం అడగక్కర్లేదు. “అయ్యా, ఈ మనిషికి ఇస్తారా, ఇవ్వరా?” అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. ఆయన జవాబు చెప్తే ఒక అర్థం కొట్టేస్తాం. ఈ ఐడియా నాది కాదు, లోకాలు కట్టి అర్థాలు విడదీయడం పాతదే. తెలుగుకి తేవడంలోనే మా కష్టమంతా. “వచ్చినవాళ్ళందరిలోనూ” అన్నది మనకి ఒక్క మాట, ప్రోగ్రాముకి అది ఐదారు ముక్కలు. ముందు ఆ విడదీయడానికే సగం ప్రాణం పోతుంది, దాని గురించి చెప్తే మీరు నిద్రపోతారు.

మీలో చాలామంది ఫోన్లో అడుగుతున్నారు, నాకు తెలుసు. ఈ కొత్త ఏఐలు తెలుగులో గడగడా మాట్లాడుతున్నాయి కదా, ఇంకా ఈ ప్రోలాగ్, ఈ గేదె ఎందుకండీ అని. న్యాయమైన ప్రశ్న. వాన, మిర్చి, నష్టం లాంటివి అవి మా ప్రూవర్ కంటే ఎన్నో రెట్లు బాగా పట్టుకుంటాయి, ఒప్పుకుంటాను. కానీ ఒక సంగతి వినండి. 2015లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు ఇలాంటి వాక్యాల జతలు ఐదు లక్షల 70 వేలు తయారుచేశారు. వాటి మీద నేర్చుకున్న ప్రోగ్రాములకి మంచి మార్కులు వచ్చాయి. 2018లో కొందరు ఒక చిలిపి పని చేశారు. మొదటి వాక్యం దాచేసి, రెండోది ఒక్కటే చూపించి, తేలుతుందా తేలదా అని అడిగారు. అసలు జవాబు చెప్పడమే కుదరకూడదు కదా? 67 శాతం కరెక్టు! గుడ్డిగా చెప్తే మూడోవంతు రావాలి. ఎలా? “ఎవరూ”, “నిద్రపోతున్నాడు” లాంటి మాటలు కనిపిస్తే పడని జత అని పసిగట్టాయి. జతలు రాసిన మనుషులు తొందరలో అలాంటి మాటలే వాడేశారు. ఇప్పటి ఏఐలు దానికంటే చాలా ముందున్నాయి. అయినా నా పట్టింపు ఒకటే. “చెప్పలేం” అన్న మూడో జవాబు వచ్చినప్పుడు, ఎందుకు చెప్పలేవో ఒక లోకం చూపించు అంటాను. మా ప్రోగ్రాము చిన్నదే, తెలిసింది కొంచెమే, కానీ చూపిస్తుంది. పింఛను కౌంటర్ దగ్గర నాకు అది కావాలి. రెండింటినీ కలపాలి అనేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మాటలు విడదీయడం, తర్కంలోకి మార్చడం ఏఐకి ఇచ్చి, తేల్చే పని ప్రూవర్‌కి వదలడం. మేం ఇప్పుడు ప్రయత్నిస్తున్నది అదే. మార్చేటప్పుడు “అందరూ రాలేదు” దగ్గర అది రెండర్థాల్లో ఒకటి చప్పుడు చేయకుండా ఎంచేసుకుంటుంది. అదే పెద్ద టెన్షన్.

చివరగా, ప్రస్తుతం మేం ఆగిపోయిన చోటు చెప్పి వదిలేస్తాను. “రవి తను గెలిచానని చెప్పాడు.” వినడానికి ఏమీ లేదు. కానీ చూడండి, “తను” ప్రథమ పురుష, “గెలిచాను” ఉత్తమ పురుష. తను గెలిచాను! గెలిచింది రవి. “నేను” అన్న రూపం ఎప్పుడూ మాట్లాడుతున్నవాడినే చూపిస్తుందని, దాన్ని మార్చే మాట ఇంగ్లీషులో ఉండదని డేవిడ్ కాప్లన్ 1970లలో వాదించాడు. అలాంటివి ఉంటే వాటిని రాక్షసులు అనాలన్నాడు. మనం రోజూ బస్సులో, టీ కొట్టు దగ్గర ఆ రాక్షసులతోనే మాట్లాడుకుంటున్నాం. అర్జీల్లో ఇది చాలా వస్తుంది: “ఆవిడ తను అర్హురాలినని చెప్పింది.” ప్రోగ్రాము ఆ “ని”ని చూసి, అర్జీ రాసిపెట్టిన మనిషికి అర్హత ఇచ్చేస్తోంది. దీనికి నియమం రాయొచ్చు. కానీ “రవి నేను గెలిచానని చెప్పాడు” అంటే ఎవరు గెలిచినట్టు? రవా, చెప్తున్న నేనా? మీరు ఏమంటారు? మళ్ళీ రెండు పార్టీలయ్యేలా ఉన్నారు. ప్లీడరు గారు ఇందాకట్నుంచి చెయ్యి ఎత్తి ఉన్నారు, మైకు ఆయనకివ్వండి.